పాత బండి, చాండ్లర్ ఎండ, రేడియేటర్‌లో పోసే కూలెంటు

పోయిన ఆదివారం మన మీటింగులో పాత బండ్ల కూలెంటు గురించి నేను చెప్పిన మాటలు ఇవి. డ్యూటీలుండి రాలేకపోయినవాళ్ళు అడుగుతున్నారని బులెటిన్‌లో పెట్టమన్నారు. మాట్లాడినదాన్నే కొంచెం సర్ది రాశాను, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ముందే ఒక మాట. నేను మెకానిక్‌ని కాదు. పదో తరగతి చదివి బిల్డింగ్ పనుల్లోకి వచ్చినవాణ్ణి, ఇక్కడ కూడా అదే పని, ఇప్పుడు సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. నా బండ్లు నేనే చూసుకుంటాను, మా క్రూలో పిల్లల బండ్లు కూడా నా దగ్గరికే వస్తాయి. అట్లా నేర్చుకున్న పని ఇది.

మన గ్రూపులో ఎక్కువమందివి పది, పదిహేను, ఇరవై ఏళ్ళ నాటి బండ్లు. మూడు నాలుగు వేల డాలర్లకి కొన్న క్యామ్రీలు, కరోలాలు, అకార్డులు, ఒకళ్ళిద్దరికి పికప్ ట్రక్కులు. రెస్టారెంటు కిచెన్‌లో చేసేవాళ్ళు, గ్యాస్ స్టేషన్లో చేసేవాళ్ళు, గోడౌన్లలో చేసేవాళ్ళు, సైట్లలో చేసేవాళ్ళు. వేసవిలో సైటు పని తెల్లవారుజామున ఐదింటికే మొదలవుతుంది. ఆ టైముకి బస్సు దొరకదు. బండి ఆగిందంటే కూలి ఆగినట్టే. నాలుగు రోజులు రాకపోతే ఆ స్థలంలో ఇంకొకరు ఉంటారు.

ఇంకోటి, ఇక్కడి ఎండ. 2023లో ఫీనిక్సులో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు, ఆపైన కొట్టింది. మన లెక్కలో 43 సెల్సియస్ పైన. ఆ ఏడాది మన మారికోపా కౌంటీలో ఎండ వల్ల చనిపోయినవాళ్ళు 645 మంది అని కౌంటీ వాళ్ళే లెక్క చెప్పారు. 2024లో వరసగా 113 రోజులు 100 దాటింది. మధ్యాహ్నం పూట తారు రోడ్డు 150 డిగ్రీలు దాటుద్ది. అట్లాంటి టైములో 202 మీద చంటిబిడ్డను వెనక సీట్లో పెట్టుకుని బండి పొగలు కక్కుతూ ఆగిపోతే అది రిపేరు ఖర్చుతో పోయే విషయం కాదు, ప్రాణాల మీదికి వచ్చే విషయం. అందుకే ఇంజను ఆయిల్ గురించి కాకుండా ముందు దీని గురించి మాట్లాడుతున్నాను. ఆయిల్ సంగతి అందరికీ గుర్తుంటుంది, ఆయిల్ మార్చే షాపువాడు అద్దానికి స్టిక్కరు కూడా అంటిస్తాడు. కూలెంటుకి స్టిక్కరు ఉండదు.

మనవాళ్ళలో ఒక అలవాటు ఉంది. మాది పల్నాడు. రెంటచింతల ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, ప్రతి వేసవి పేపర్లో వస్తుంది. మా వైపు లారీ వేడెక్కితే క్లీనరు దిగి, కాలవలోదో బోరుదో ఒక క్యాన్ నీళ్ళు తెచ్చి రేడియేటర్లో పోసేవాడు. బండి పోయేది. ఆ పాత బండ్లలో ఇంజను దిమ్మ మొత్తం పోత ఇనుము, రేడియేటరు రాగి, ఇత్తడి. తుప్పు పట్టినా ఏళ్ళ తరబడి లాగేది. చిల్లు పడితే సోల్డరు పెట్టేవాళ్ళు. ఇప్పటి బండ్లలో, ఇప్పటివి అంటే గత ముప్ఫై ఏళ్ళవి, రేడియేటరు పలచటి అల్యూమినియం, రెండు వైపులా ప్లాస్టిక్ తొట్లు, ఇంజను హెడ్డు కూడా అల్యూమినియం. దీంట్లో బోరు నీళ్ళు పోస్తే ఆ లారీ ఓర్చుకున్నట్టు ఓర్చుకోదు.

చాండ్లర్ కుళాయి నీళ్ళు ఎట్లాంటివో మీ బాత్రూం షవరు చూస్తే తెలుస్తుంది. తెల్లగా పొర కట్టి ఉంటుంది. కొలరాడో నది నీళ్ళు కాలవలో వస్తాయి, సాల్ట్, వెర్డె నదుల నీళ్ళు వస్తాయి, కొంత బోర్ల నీళ్ళు. అన్నిట్లో సున్నం లాంటి ఖనిజాలు ఎక్కువ. షవర్లో కట్టిన ఆ పొరే రేడియేటరు సన్న గొట్టాల్లో కడుతుంది. అక్కడ వెనిగర్ పెట్టి గీకటానికి కుదరదు.

సరే, అసలు కూలెంటులో ఏముంటుంది? ఎక్కువ భాగం ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం, దాంట్లో కొద్దిగా తుప్పు పట్టకుండా చేసే మందులు, రంగు. దీన్ని సగం, నీళ్ళు సగం కలిపి వాడతాం. "అన్నా, ఇక్కడ మంచు పడదు కదా, గడ్డకట్టకుండా ఉండే మందు మనకెందుకు, నీళ్ళు చాలవా" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. నిజం చెప్పాలంటే వేడిని మోసుకుపోవటంలో ఉత్త నీళ్ళే మెరుగు. కానీ ఉత్త నీళ్ళు 212 డిగ్రీలకు మరుగుతాయి. ఇంజను మామూలుగా నడిచేదే 195 నుంచి 220 మధ్య. సగం సగం కలిపిన కూలెంటుకి 15 పీఎస్‌ఐ మూత బిగించి ఉంటే 265 డిగ్రీల దాకా మరగదు. ఆవిరి వేడిని మొయ్యలేదు. హెడ్డులో ఒకచోట నీళ్ళు ఆవిరైతే అక్కడ లోహం కాలిపోయి వంకర తిరుగుతుంది. అదొకటి. రెండోది తుప్పు మందులు, అవి నీళ్ళలో ఉండవు. మూడోది, డిసెంబర్లో పిల్లల్ని మంచు చూపించటానికి ఫ్లాగ్‌స్టాఫ్ తీసుకెళ్తారు కదా. అది దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తు. రాత్రికి బయట పెట్టిన బండిలో ఉత్త నీళ్ళుంటే గడ్డకట్టి ఇంజను దిమ్మ పగులుద్ది. సగం సగం కలిపితే సున్నా కింద 34 ఫారెన్‌హీట్ దాకా భయం లేదు.

అట్లాగని మందు ఎక్కువైతే మంచిదనుకోవద్దు. నీళ్ళు కలపని ఉత్త గ్లైకాల్ దాదాపు 9 డిగ్రీల ఫారెన్‌హీట్‌కే గడ్డకడుతుంది, వేడి కూడా సరిగ్గా మొయ్యదు. సగం సగమే కొలత. 70 వంతులు దాటకూడదు, మన ఊరికి అంత అవసరం కూడా లేదు.

సైటులో పనిచేసేవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాంక్రీటు లారీ వచ్చినప్పుడు మాలు గట్టిగా ఉంది, పారటం లేదు, ఇంకో పది గ్యాలన్ల నీళ్ళు కొట్టమని ఎవరో ఒకరు అంటారు. కొడితే పని సులువైపోద్ది. 28 రోజుల తర్వాత సిలిండరు పగలగొట్టి చూస్తే బలం ఉండదు. ఆ రోజు సులువైనవాడు అప్పుడు అక్కడ ఉండడు. రేడియేటర్లో వారం వారం నీళ్ళు కలుపుకుంటూ పోవటం కూడా అదే పని.

ఇక రంగుల గొడవ. షాపులో నిలబడితే ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, గులాబీ, నీలం, పసుపు అన్నీ కనపడతాయి. మన ఫోన్లకి ఫార్వర్డులు కూడా వస్తుంటాయి, ఆకుపచ్చంటే ఇది, నారింజంటే అది అని. రంగు చూసి కొనొద్దు. రంగు అనేది కంపెనీవాడు కలిపిన అద్దకం, అంతే. దానికి ప్రభుత్వం పెట్టిన రూలేమీ లేదు. జనరల్ మోటార్స్ బండ్లకి 1995 ప్రాంతం నుంచి వచ్చే డెక్స్-కూల్ నారింజ రంగు. 2000 తర్వాత కొన్నేళ్ళు క్రైస్లర్, డాడ్జ్ బండ్లలో వచ్చింది కూడా నారింజ ఛాయే, కానీ లోపల మందు వేరు. పాత అమెరికన్ బండ్ల ఆకుపచ్చ వేరు, పాత నిస్సాన్ ఆకుపచ్చ వేరు. కాబట్టి చూడాల్సింది లోపలి మందు రకం.

రకాలు ముఖ్యంగా మూడు నాలుగు. పాతకాలం ఆకుపచ్చ దాంట్లో సిలికేట్లు ఉంటాయి. అవి లోహం మొత్తం మీద గబగబా ఒక పూత వేస్తాయి, తొందరగా ఖర్చయిపోతాయి. రెండేళ్ళకి మార్చాల్సిందే. డెక్స్-కూల్ లాంటివి ఆర్గానిక్ ఆమ్లాల రకం. ఇవి తుప్పు మొదలైన చోటే పట్టుకుంటాయి, అందుకని ఐదేళ్ళు వస్తాయి. ఫోర్డు, క్రైస్లర్, కొన్ని యూరప్ బండ్లకి ఈ రెండూ కొంచెం కొంచెం కలిపిన రకం వచ్చింది. యూరప్‌లో నీళ్ళు ఖనిజాలు ఎక్కువున్న నీళ్ళు, ఫాస్ఫేటు ఆ నీళ్ళతో కలిస్తే పెచ్చు కడుతుందని వాళ్ళు ఫాస్ఫేటు వాడరు. జపాన్ వాళ్ళు దీనికి తిరగేసి. సిలికేట్లు వాటర్ పంపు సీలును అరగదీస్తాయని అవి మానేసి, ఫాస్ఫేటు వాడతారు. టయోటా, హోండా, నిస్సాన్ అన్నీ ఈ జపాన్ రకమే. కొరియా బండ్లు, అంటే హ్యుందాయ్, కియా కూడా ఎక్కువగా ఫాస్ఫేటు రకమే.

ఇప్పుడు మీరే కలిపి చూసుకోండి. మనవాళ్ళవి ఎక్కువ జపాన్ బండ్లు, వాటి కూలెంటులో ఫాస్ఫేటు. మన ఊరి కుళాయి నీళ్ళలో సున్నం. ఈ రెండూ కలిపితే ఏమవుతుందో పైన చెప్పాను. అందుకే నేను డిస్టిల్డ్ వాటర్ అని అంత గట్టిగా చెప్పేది. వాల్‌మార్టులో గ్యాలన్ ఒక డాలరు చిల్లర ఉంటది. "ప్యూరిఫైడ్" అని కాదు, "స్ప్రింగ్ వాటర్" అని కాదు, డబ్బా మీద "డిస్టిల్డ్" అని ఉండాలి.

టయోటా సంగతి కొంచెం విడిగా చెప్తాను, మన గ్రూపులో అవే ఎక్కువ. 2004 ప్రాంతం దాకా ఎర్ర రంగు లాంగ్ లైఫ్ కూలెంటు. అది చిక్కటిది, నీళ్ళు మనమే కలుపుకోవాలి. ఆ తర్వాత గులాబీ రంగు సూపర్ లాంగ్ లైఫ్. అది ముందే సగం నీళ్ళు కలిపి వస్తుంది, దాంట్లో మళ్ళీ నీళ్ళు పొయ్యకూడదు. గులాబీది కొత్త బండిలో మొదటిసారి లక్ష మైళ్ళకి, ఆ తర్వాత ప్రతి యాభై వేల మైళ్ళకి మార్చాలి. హోండాది నీలం రంగు టైప్ టూ, అదీ ముందే కలిపిందే. ఇవి డీలరు పార్ట్స్ కౌంటర్లో దొరుకుతాయి. అంత పెట్టలేకపోతే బయటి కంపెనీలు "ఏషియన్ వెహికిల్స్" అని రాసి అమ్మే ఎరుపు, నీలం రకాలు ఉన్నాయి. డబ్బా వెనక "ఫాస్ఫేటు ఉంది, సిలికేటు లేదు" అన్న అర్థంలో రాసి ఉందా చూసుకుంటే చాలు, నేను అవే వాడతాను. బండి కొన్నప్పుడు మాన్యువల్ రాకపోతే కంపెనీ వెబ్‌సైటులో మోడలు, సంవత్సరం కొడితే ఊరికే వస్తుంది.

"అన్ని బండ్లకీ, అన్ని రంగులకీ" అని రాసిన డబ్బాల గురించి ఇద్దరు అడిగారు. దారిలో లెవెల్ తగ్గి, వేరే గతి లేనప్పుడు కొంచెం పోసుకోవటానికి అవి పనికొస్తాయి. విషమేం కాదు. కానీ రెండేళ్ళ మందూ ఐదేళ్ళ మందూ కలిస్తే ఐదేళ్ళ గ్యారంటీ పోతుంది, ఆ మిశ్రమం రెండేళ్ళదే అనుకోవాలి. కొన్ని రకాలు కలిస్తే మడ్డి కడతాయి కూడా. అన్నీ కట్టవు. మడ్డి కట్టలేదు కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు, మందు బలం తగ్గటం కంటికి కనపడదు.

మన గ్రూపులో తమ్ముడిదే ఒక సంగతి ఉంది, పేరు రాయొద్దన్నాడు, చెప్పటానికి ఒప్పుకున్నాడు. పాత క్యామ్రీ 3,500 డాలర్లకి కొన్నాడు. కొన్నప్పుడే డబ్బాలో ఆకుపచ్చ కూలెంటు ఉంది, అంటే ముందు ఎవరో ఏదో పోశారు. రేడియేటరు ప్లాస్టిక్ తొట్టి అతుకు దగ్గర సన్నగా కారుతోంది. నేల మీద మడుగు కనపడదు, ఇక్కడి ఎండకి కారింది కారినట్టే ఆరిపోద్ది. వారానికోసారి లెవెల్ తగ్గితే సైటులో హోసు పైపు పెట్టి నింపుకునేవాడు. నాలుగు నెలలు అట్లా నడిచింది. జూలైలో ఒక సాయంత్రం 202 మీద గేజీ ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. "ఇంకా రెండు ఎగ్జిట్లే కదా" అని లాగించాడు. మధ్యలో ముల్లు ఒకసారి కిందికి కూడా దిగిందంట, తగ్గిందిలే అనుకున్నాడు. అది తగ్గటం కాదు. నీళ్ళన్నీ పోయాక సెన్సారుకి తగలటానికి ద్రవం లేదు, అందుకని ముల్లు దిగింది. హెడ్డు వంకరపోయింది, గాస్కెట్ పోయింది. షాపులో రెండు వేల డాలర్ల పైన చెప్పారు. తొమ్మిది రోజులు పనికి రాలేకపోయాడు. ఆ రేడియేటరు ముందే మార్చి, సరైన కూలెంటు పోసి ఉంటే మొత్తం కలిపి రెండొందల లోపు అయ్యేది, పని మేమే చేసుకునేవాళ్ళం.

కాబట్టి ముల్లు పైకి ఎక్కితే ఏం చెయ్యాలో ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఏసీ ఆపండి. హీటరు ఫుల్లుగా పెట్టి ఫ్యాను ఫుల్లుగా తిప్పండి, కిటికీలు దించండి. 115 ఎండలో హీటరంటే పిచ్చా అనుకోవద్దు. హీటరు లోపల ఉండేది ఇంకో చిన్న రేడియేటరు, ఇంజను వేడిని అది కొంత లాగేస్తుంది. వీలైనంత తొందరగా పక్కకి తీసి ఇంజను ఆపండి. ఎగ్జిట్ లెక్కలు వేసుకోవద్దు. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ రోడ్డుకి దూరంగా నీడలోకి పంపండి. నీడ లేదు, ఎవరికైనా తల తిరుగుతోంది అంటే మొహమాటపడకుండా 911కి ఫోన్ చెయ్యండి. వేసవిలో బండిలో తాగే నీళ్ళు ఒక గ్యాలనైనా ఎప్పుడూ ఉండాలి. అవి మనుషులకి, రేడియేటరుకి కాదు.

రేడియేటరు మూత మాత్రం ముట్టుకోవద్దు. గుడ్డ వేసి తిప్పుతా, మెల్లగా తిప్పుతా అనొద్దు. లోపల 240 డిగ్రీల ద్రవం ఒత్తిడి వల్లే మరగకుండా ఆగి ఉంటుంది. మూత వదులైన క్షణం ఒత్తిడి పోయి అంతా ఒక్కసారి మరిగి పైకి లేస్తుంది. మొహం మీదికి వస్తుంది. కనీసం ముప్పావు గంట, మన ఎండలో గంట ఆగాలి. పై హోసు పైపు చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా ఉండాలి, అప్పుడే మూత.

ఇప్పుడు మార్చుకునే విధానం. తెల్లవారి, బండి రాత్రంతా ఆగి ఉన్నప్పుడు చెయ్యండి. చాలా అపార్టుమెంట్లలో పార్కింగులో రిపేర్లు చెయ్యనివ్వరు, లీజు చూసుకోండి. సొంత ఇల్లున్న ఎవరో ఒకరి డ్రైవ్‌వేలో చేసుకుందాం.

రేడియేటరు అడుగున ప్లాస్టిక్ మర ఉంటుంది. కింద పెద్ద తొట్టి పెట్టి దాన్ని వదులు చేసి, పైన మూత తియ్యండి. పాత బండ్లలో ఆ మర పెళుసుగా ఉంటది, పళ్ళు బిగించి తిప్పితే విరుగుద్ది. రాకపోతే కింది హోసు పైపు క్లిప్పు తీసి వదిలేయొచ్చు. ఓవర్‌ఫ్లో డబ్బాలోది కూడా తీసి డబ్బా కడగండి. వచ్చింది ఎట్లా ఉందో చూడండి. రంగు వెలిసినా శుభ్రంగా ఉంటే ఫర్వాలేదు. తుప్పు రంగుంటే రెండు మూడుసార్లు కడగాలి. పాల టీ లాగా ఉందంటే, లేదా నూనె తెట్టు ఉందంటే, అది గాస్కెట్ జబ్బో ట్రాన్స్‌మిషన్ కూలరు జబ్బో అయి ఉంటుంది. అప్పుడు కూలెంటు డబ్బులు దండగ చెయ్యకుండా ముందు మెకానిక్‌కి చూపించండి.

ఇక్కడ చాలామందికి తెలియని లెక్క ఒకటి ఉంది, జాగ్రత్తగా వినండి. రేడియేటరు మర తీస్తే మొత్తం రాదు. చిన్న కారులో ఏడు లీటర్లు పడుతుంది అనుకుందాం. మూడున్నర వస్తుంది, మూడున్నర ఇంజను దిమ్మలోనే ఉండిపోతుంది. మీరు డిస్టిల్డ్ వాటర్ పోసి, నడిపి, తీసి, మళ్ళీ పోసి, అట్లా శుభ్రంగా కడిగారు. చివర్న మర తీసినప్పుడు కూడా దిమ్మలో మూడున్నర లీటర్ల నీళ్ళు ఉంటాయి. దాని మీద ముందే కలిపిన కూలెంటు మూడున్నర లీటర్లు పోశారనుకోండి. అది సగం నీళ్ళే. మొత్తం మీద మందు నాలుగో వంతే అయ్యింది. డబ్బా మీద సగం సగం అని ఉంది కాబట్టి అంతా సరిపోయిందనుకుంటాం, తుప్పు మందు సగానికి పడిపోయింది. కాబట్టి నీళ్ళతో కడిగితే చివర్న చిక్కటి కూలెంటు, నీళ్ళు కలపంది, మూడున్నర లీటర్లు పొయ్యాలి. అప్పుడు లెక్క సగం సగం అవుతుంది. ముందే కలిపింది వాడాలంటే నీళ్ళతో కడగొద్దు. అదే కూలెంటుతో తీసి పోసి, వారం నడిపి, మళ్ళీ తీసి పొయ్యండి. మీ బండికి మొత్తం ఎంత పడుతుందో మాన్యువల్లో ఉంటుంది, తీసింది కొలవండి, మిగతాది లోపల ఉన్నట్టే.

పాతికేళ్ళ బండికి ఘాటైన ఫ్లష్ కెమికల్స్ నేను పొయ్యను. లోపల ఏళ్ళ నాటి పెచ్చు ఊడి సన్న గొట్టాలకి అడ్డం పడుతుంది. లీకు ఆపే పొడులు, ద్రవాలు కూడా అంతే. అవి లీకు దగ్గరే ఆగుతాయని ఎవరూ చెప్పలేరు, హీటరులోనూ రేడియేటరులోనూ కూడా ఆగుతాయి. అమ్మేసే బండికి పోస్తారు అవి. పాత బండి కొనేటప్పుడు అందుకే మూత తీసి చూడండి, చల్లగా ఉన్నప్పుడు.

పోసేటప్పుడు మెల్లగా పొయ్యండి, గాలి బుడగలు ఉండిపోతాయి. బండి ముందు భాగం కొంచెం ఎత్తులో ఉంటే మంచిది. మూత తీసే ఉంచి, హీటరు వేడి వైపు పెట్టి ఇంజను స్టార్టు చెయ్యండి. లెవెల్ దిగుతుంటే పోస్తూ ఉండండి. రేడియేటరు ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఆగాలి. లోపల హీటరు గాలి వేడిగా వస్తోందంటే గాలి పోయినట్టు. అప్పుడు మూత బిగించి, రాత్రి చల్లారాక డబ్బాలో లెవెల్ మళ్ళీ చూసుకోండి. రెండు మూడు రోజులు పొద్దున్నే చూస్తూ ఉండండి.

చేతిలో పని ఉన్నప్పుడే రేడియేటరు మూత కొత్తది వెయ్యండి. పదీ ఇరవై డాలర్లది. దాని రబ్బరు ఎండిపోతే ఒత్తిడి నిలవదు. ఒక్కొక్క పీఎస్‌ఐ ఒత్తిడికి మరిగే వేడి సుమారు మూడు డిగ్రీలు పెరుగుతుంది, అంటే మూత చెడితే 40 డిగ్రీల దాకా పోగొట్టుకున్నట్టే. పాత మూత మీద ఉన్న నంబరే కొత్తదాని మీదా ఉండాలి. హోసు పైపులు నొక్కి చూడండి. కరకరమన్నా, మరీ మెత్తగా ఉబ్బినా మార్చెయ్యండి. ఆటోజోన్ లాంటి షాపుల్లో ప్రెషర్ టెస్టరు డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు, తిరిగిస్తే డబ్బు వెనక్కి ఇస్తారు. సన్న లీకులు దాంతో దొరుకుతాయి.

ఒక అక్క అడిగారు, చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది, పీ0128 అని వచ్చింది అని. ఇంజను అనుకున్నంత వేడి ఎక్కటం లేదు అని దాని అర్థం. ఎక్కువసార్లు థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోవటం, లేదా కూలెంటు తక్కువవటం. ఎండాకాలం వేడెక్కకపోతే మంచిదే కదా అని వదిలెయ్యొద్దు. 1996 తర్వాత బండికి ఆ లైటు వెలుగుతుంటే మన కౌంటీలో ఎమిషన్ టెస్టు పాసవ్వదు, టెస్టు పాసవ్వకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అవ్వదు. ముందు కూలెంటు లెవెల్ చూసి, అది సరిగ్గా ఉంటే థర్మోస్టాట్ మార్పించండి. ఇంకో అన్న అడిగారు, సిగ్నల్ దగ్గర ఆగితే ముల్లు ఎక్కి, బండి కదిలితే దిగుతోంది అని. అది ఎక్కువగా ఫ్యాను జబ్బు. తిరగేసి, హైవే మీద స్పీడులో ఎక్కుతుంటే రేడియేటరు మూసుకుపోయిందనో కూలెంటు తక్కువనో అనుమానించాలి. ఐ-17 మీద బ్లాక్ కాన్యన్ సిటీ దాటాక సన్‌సెట్ పాయింటు దాకా ఎక్కే ఎత్తులో ఈ రెండో జబ్బు బయటపడుతుంది. ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ తెలియదు.

తీసిన పాత కూలెంటు సంగతి. రోడ్డు పక్క కాలవలో పొయ్యొద్దు, చెట్లకి పొయ్యొద్దు. అది తియ్యగా ఉంటుంది. కుక్కలు నాకుతాయి, పిల్లలు వేలు పెట్టి నాకుతారు. కొంచెం చాలు, మూత్రపిండాలు పోతాయి. తాగే సీసాల్లో, జ్యూసు సీసాల్లో ఎప్పుడూ పెట్టొద్దు. ఇంట్లో నలుగురు కలిసి ఉండే కుర్రాళ్ళు ఇది మరీ జాగ్రత్త, గ్యాటరేడ్ సీసాలో ఆకుపచ్చది కనపడితే ఎవరైనా తాగుతారు. ఎవరైనా మింగారని అనుమానం వచ్చినా పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222 కి వెంటనే చెయ్యండి. పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బులు అడగరు. లక్షణాలు కనపడేదాకా ఆగొద్దు. విరుగుడు ఉంది, తొందరగా ఇస్తేనే పనిచేస్తుంది. తీసినదాన్ని మూత గట్టిగా ఉన్న క్యాన్‌లో పోసి, పైన రాసి, క్వీన్ క్రీక్ రోడ్డు మీద ఉన్న చాండ్లర్ నగరం వాళ్ళ రీసైక్లింగ్ కేంద్రానికి ఇవ్వండి. ముందు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళాలి.

వచ్చే శనివారం పొద్దున మన మామూలు పార్కులో నేను కూలెంటు కొలిచే రిఫ్రాక్టోమీటరు, టెస్టు పట్టీలు తెస్తాను. రెండు చుక్కలు తీసి చూస్తే ఎంత పలచబడిందో తెలిసిపోతుంది, డబ్బులేం అక్కర్లేదు. ఇంజను చల్లారాలి కాబట్టి ఐదున్నరకే వచ్చి బండి పెట్టెయ్యండి, ఏడు గంటలకి మూతలు తీద్దాం. ఈలోపు టీ ఉంటుంది. మాన్యువల్ ఉన్నవాళ్ళు తెచ్చుకోండి, లేనివాళ్ళు మీ బండి మోడలు, సంవత్సరం, ఇప్పుడు డబ్బాలో ఉన్న రంగు ఫోటో గ్రూపులో పెట్టండి, ఏది కొనాలో శుక్రవారంలోగా చెప్తాను.